నిద్రొస్తే రానివ్వండి

మా అల్లుడు బుద్ధిమంతుడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ వ్యాసం సగానికొచ్చేసరికి ఆయన మీద నేను కత్తి కట్టానని మీరనుకునే ప్రమాదం ఉంది. అలాంటిదేమీ లేదు. కుప్పంలో కాపురం, బెంగుళూరులో ఉద్యోగం. పొద్దున రైలెక్కి పోతాడు, రాత్రి రైలు దిగి వస్తాడు. మామ వచ్చాడంటే మటన్ తెస్తాడు. ఇంతకంటే అల్లుడికి ఉండవలసిన లక్షణాలేమిటి?

పోయిన సంక్రాంతికి పుంగనూరు నుంచి కుప్పం వెళ్ళాను. కనుమ మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో అందరూ భుక్తాయాసంతో పడుకున్న వేళ, నేను టీవీ ముందు కూచుని సినిమా పెట్టుకున్నాను. బేలా తార్ అనే హంగేరీ ఆయన 1994లో తీసిన 'సాటాన్‌టాంగో'. తెరమీద ఓ పాడుబడిన పల్లె. అంతా బురద. కొట్టంలోంచి ఆవులు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. ఎటు పోదామా అన్నట్టు నిలబడుతున్నాయి. మళ్ళీ కదులుతున్నాయి. అంతలో మా అల్లుడు లేచొచ్చాడు.

"ఏంది మామా ఇది?"

"సినిమా, నాయనా."

"ఎబ్బుడు మొదులవుతాది?"

"మొదలై ఆరు నిమిషాలైంది."

కాసేపు ఆవుల్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ఈ ఆవులు ఏం చేస్తాయి?"

"నడుస్తాయి."

"ఆ తర్వాత?"

"మలుపు తిరిగి పోతాయి."

"మొత్తం ఎంతసేపుంటాది?"

"ఏడు గంటల పైచిలుకు."

ఆయన మా అమ్మాయి వైపు ఓ చూపు చూశాడు. మీ నాయన్ని ఎవరికైనా చూపించాలేమో అని ఆ చూపుకి అర్థం. కానీ చెప్పాను గదా, బుద్ధిమంతుడు. పైకేమీ అనకుండా రిమోటు తీసుకుని, "ఇదో మామా, ఈ బొత్తాం నొక్కితే ఒకటిన్నర రెట్లు స్పీడుగా పోతాది. మేమంతా ఇట్లే చూస్తాం. నీకు రెండున్నర గంటలు మిగులుతాయి" అన్నాడు.

ఆ మిగిలిన రెండున్నర గంటలు నేనేం చేసుకోవాలో మాత్రం చెప్పలేదు.

ఈ వ్యాసానికి మూలం ఆ బొత్తాం. సినిమాకి వేగం పెంచటం! జాడీలో ఆవకాయ మాగేదాకా ఆగలేక, ముక్కల్ని పొయ్యిమీద ఉడకేసినట్టుంది నా ప్రాణానికి. అయినా ఆయన్ననేం లాభం? ఆ బొత్తాం రాకముందు కూడా మనవాళ్ళలో చాలామంది నెమ్మది సినిమాల మీద పెట్టిన కేసు ఇదే. "నిద్రొస్తుంది. ఏమీ జరగదు. మనవాళ్ళకంత ఓపిక లేదు. అదంతా పరాయి సరుకు. కష్టజీవికి పనికిరాదు." నలభై ఏళ్ళుగా వింటున్నాను. ఇవాళ ఒక్కొక్కదానికీ జవాబు చెప్పి గుండెభారం దింపుకుంటాను. పాఠకులు కాస్త ఓపిక పట్టాలి. ఓపిక గురించే గదా వ్యాసం.

మొదటిది, నిద్ర. నిద్రొస్తుందండీ. నాకూ వస్తుంది. కాదన్నదెవరు? ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరొస్తామీ, 1997లో 'టేస్ట్ ఆఫ్ చెర్రీ'కి కాన్స్‌లో అత్యున్నత బహుమతి అందుకున్న పెద్దమనిషి, తనకు ప్రేక్షకుణ్ణి నిద్రపుచ్చే సినిమాలే ఇష్టమని ఓసారి చెప్పుకున్నాడు. కునుకు తీయించి, ఆ తర్వాత రోజుల తరబడి మనసులో మసిలే సినిమా మంచిదని ఆయన వాదన. అక్షరాలా నిజం. కుర్చీ అంచుమీద కూచోబెట్టిన సినిమాలు హాలు బయట సైకిలు తీసుకునేలోపే మరుపుకొచ్చినవి నాకు కోకొల్లలు. కునుకు తీసిన సినిమాలు మాత్రం ఇప్పటికీ వెంటాడుతున్నాయి. నిద్రలో రెండు రకాలు. చిరాకుతో వచ్చే నిద్ర ఒకటి, హాయిగా వచ్చే నిద్ర ఒకటి. పిల్లవాడికి అమ్మ కథ చెబుతుంటే వచ్చే నిద్ర రెండో రకం. ఆ కథ బాగాలేదని ఏ పిల్లవాడైనా ఫిర్యాదు చేశాడా?

రెండోది, ఏమీ జరగదు. ఇది పుంగనూరు వాడి దగ్గర చెల్లే మాట కాదు. మా ఊరి ఆవు ప్రసిద్ధం. గజం ఎత్తు ఉంటే గొప్ప. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. వచ్చి ఏం చేస్తారు? నిలబడి చూస్తారు. ఆవు గడ్డి మేస్తుంది. తోక ఆడిస్తుంది. వీళ్ళ వైపు తిరుగుతుంది. "అబ్బా, ఎంత ముద్దుగా ఉందో!" అని గంట నిలబడతారు. అక్కడ కథేదీ? విలనేడీ? ఇంటర్వెల్లేదీ? నిజం ఆవుని గంట చూడగలిగిన మనిషి, తెరమీది ఆవుని ఎనిమిది నిమిషాలు చూడలేకపోవటమేమిటి? చూడలేక కాదు. తెర ఎక్కితే ఏదో ఒకటి జరిగి తీరాలని మనకు ఎవరో నూరిపోశారు.

మదనపల్లెలో పెరిగినవాడు నాలుగు ముక్కలు మాట్లాడితే అందులో ఒకటి, 1919లో ఠాగూరు మా ఊరొచ్చి జనగణమనను ఇంగ్లీషు చేశాడని ఉంటుంది. ఆ మొక్కు నేనూ తీర్చేసుకున్నాను. కానీ ఇక్కడ కావలసింది ఇంకొకాయన. 1895లో మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. ఆయన ప్రపంచమంతా తిరిగి, పట్టు వదలకుండా చెప్పినవాటిల్లో ఒకటి, చెట్టుని చూడండి అని. దానికో పేరు పెట్టి, ఓ అభిప్రాయం తగిలించి, దాటిపోకుండా ఊరికే చూడండి అని. ఆయన ప్రసంగాలు నాకు సగం అర్థం కాలేదు. అర్థమైన సగం మాత్రం నెమ్మది సినిమాల దగ్గరే అర్థమైంది.

మూడోది, మనవాళ్ళకు ఓపిక లేదు. ఇది వింటే మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. మా చిత్తూరు సీమలో ధర్మరాజుల గుళ్ళ దగ్గర ఎండాకాలం మహాభారతం జరుగుతుంది. పద్ధెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి నాటకం. అందులో అర్జున తపస్సు చూశారా మీరు? తాటిచెట్టంత మాను పాతుతారు. అర్జునుడి వేషగాడు దాని మొదట్లో నిలబడి పద్యం ఎత్తుకుంటాడు. ఒక మెట్టు. ఇంకో పద్యం. ఇంకో మెట్టు. పాశుపతాస్త్రం ఇంకా ఎక్కడో కైలాసంలో ఉంది, ఈయన ఇంకా మనిషెత్తు కూడా ఎక్కలేదు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కాచుకుని ఉంటారు, పైనుంచి ఆయన వేసే నిమ్మకాయ కోసం. గంటలు గడుస్తాయి. ఎవరూ "స్పీడు పెంచప్పా" అనరు. కుప్పం పక్క పల్లెలో ఓ ఏడు నేను చూసినప్పుడు, వేషగాడు సగం మానెక్కి గాలికి ఊగుతూ పాడుతుంటే, నా పక్కన కూచున్న ముసలాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడేమో అనుకున్నాను. పద్యంలో ఓ మాట తప్పితే ఠక్కున కళ్ళు తెరిచి సరిదిద్దాడు!

ఈ జనానికా ఓపిక లేదనేది? ఓపిక లేనిది జనానికి కాదు, పెట్టుబడి పెట్టినవాడికి. వాడి తొందరను తీసుకొచ్చి మన నెత్తిన రాశారు.

నాలుగోది, పరాయి సరుకు. సరే, లెక్క చూద్దాం. 1939లో 'ఫిడేలు రాగాల డజన్' రాసి తెలుగు కవిత్వంలో అల్లరి చేసిన నెల్లూరు పఠాభి గారే 1970లో కన్నడంలో 'సంస్కార' తీశారు. సెన్సారు వాళ్ళు మొదట అడ్డం పడ్డారు. ఆ తర్వాత అదే సినిమా దేశంలో ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం తెచ్చుకుంది. తెలుగు కవి తీసిన సినిమా, కుప్పం నుంచి గట్టిగా అరిస్తే వినబడే కన్నడదేశంలో. 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ కథ తీసుకుని తెలుగులోనే 'ఒక ఊరి కథ' తీశారు. బి. నరసింగరావు 1983లో 'రంగుల కల', 1988లో 'దాసి' తీశారు. 'దాసి'కి ఐదు జాతీయ అవార్డులొచ్చాయి. అందులో అర్చన మాట్లాడేది ఎంత? గడీలో ఆమె నడక, ఆమె పని, ఆమె మౌనం, అంతే సినిమా. ఇవన్నీ మనవే. మనం చేసిందల్లా వాటికి 'అవార్డు సినిమా' అని ఓ పేరు తగిలించి పక్కన కూచోబెట్టడం. మన భాషలో 'అవార్డు సినిమా' అన్నది ఎప్పుడు తిట్టయిందో ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండును.

అసలైన సాక్ష్యం ఇప్పుడు చెబుతాను. 1977లో అరవిందన్ అనే మలయాళ దర్శకుడు 'కాంచన సీత' తీశాడు. ఉత్తర రామాయణం కథ. ఎక్కడ తీశాడు? మన ఆంధ్రదేశపు అడవుల్లో. రాముడెవరు? కిరీటం పెట్టిన హీరో కాదు. రాముడి వంశం మాది అని చెప్పుకునే మన చెంచువాళ్ళు! మరి సీత? సీత కనబడదు. సినిమా మొత్తంలో ఒక్కసారీ కనబడదు. గాలి వీస్తే, ఆకులు కదిలితే, నీళ్ళు మెరిస్తే, అదే సీత. మన మనుషులు, మన అడవి. మాటలు మాత్రం మలయాళం. తెలుగువాళ్ళలో ఎందరు చూశారో మీరే చెప్పండి.

నేను చూసింది 1980లలో, దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రాలు వేసే రోజుల్లో. మదనపల్లెలో మా వీధికంతా ఒకటే టీవీ, నలుపు తెలుపుది. రంగుల సినిమాని అందులో చూడటమంటే పాయసాన్ని చక్కెర లేకుండా తాగటమే గానీ, అప్పట్లో ఆ పట్టింపు ఎవరికుంది? రాముడి సినిమా అట అని ఎవరో అన్నారు. వీధి వీధంతా వచ్చి కూచుంది. రామారావు గారిని చూసిన కళ్ళకి, ఒంటిమీద నగ లేని రాముడు కనిపించాడు. పది నిమిషాలకు పిల్లలు లేచారు. అరగంటకు మగవాళ్ళు లేచారు. తర్వాత ఇంటివాళ్ళే లేచి వంటింట్లోకి పోయారు. చివరికి మిగిలింది నేనూ, మా అవ్వా.

మా అవ్వ నీరుగట్టువారిపల్లెలో మగ్గాల ఇళ్ళకు పట్టునూలు కండెలు చుట్టి బతికిన మనిషి. వేలిముద్ర. మలయాళం ఒక్క ముక్క రాదు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు చీమల బారు. సినిమా అయిపోయాక నేను పెద్ద చదువుకున్నవాడిలా, "చూడవ్వా, సీతను చూపించకుండానే ముగించేసినాడు" అన్నాను.

అవ్వ నన్ను జాలిగా చూసింది. "అదేందిరా అబ్బోడా? ఆయమ్మ వస్తానే ఉండె గదా. ఆ చెట్లు కదల్లేదా?"

నేను ఆ రోజు నుంచి సినిమా గురించి ఎవరికీ పాఠం చెప్పలేదు. అంతవరకూ బళ్ళో పిల్లలకు చెప్పేవాణ్ణి.

అంచేత ఐదో అభియోగానికి జవాబు కూడా మా అవ్వే చెప్పేసింది. "పొద్దంతా మండీలో టమాటా గంపలు మోసినవాడికి మీ ఆవుల సినిమా ఎందుకయ్యా?" అని ఓ సభలో ఓ వక్త గర్జించాడు. చప్పట్లు కూడా పడ్డాయి. నేను ఒప్పుకునేది ఒప్పుకుంటాను. ఒళ్ళు హూనమైనవాడికి ఓ పాట, ఓ ఫైటు, ఓ నవ్వు కావాలి. తప్పేముంది? రామారావు గారు తెరమీదికొస్తే నేనూ ఈల వేసినవాణ్ణే. గొడవల్లా వాడికి అదొక్కటే చాలనటంతో. వాణ్ణి అడిగిందెవరు? అడక్కుండానే, వాడి బుర్రకు ఇంతే పడుతుందని కొలత తీసింది మనం. పైగా దానికి దయ అని పేరు. అదే హమాలీ వైశాఖంలో తెల్లవార్లూ భారతం చూసి పొద్దున్నే మండీకి పోతాడు. ఆ సంగతి సదరు వక్తకు తెలియదు, రాత్రి పది దాటితే ఆయన నిద్రపోతాడు గాబట్టి.

ఇంతవరకూ అవతలివాళ్ళను ఉతికాను. మా పక్షంవాళ్ళనూ రెండు అంటించకపోతే ధర్మం కాదు. నెమ్మది సినిమా చూడటాన్ని జందెంలా వేసుకుని తిరిగేవాళ్ళున్నారు. వాళ్ళు సినిమా చూడరు, చూశామని చెప్పుకోవటానికి చూస్తారు. దర్శకుడి పేరు నోరు తిరగనిదైతే చాలు, గొప్పవాడే. ఇది దొంగ మర్యాద. నెమ్మదిగా ఉన్నదల్లా మంచిది కాదు. ఎద్దు ముసలిదై నెమ్మదిగా నడవటం వేరు, ఏనుగు నెమ్మదిగా నడవటం వేరు. నా మటుకు నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది. దృశ్యం సాగేకొద్దీ అందులో కొత్తది కనబడుతోందా? కనబడితే అది ఏనుగు. కనబడకపోతే నిస్సంకోచంగా లేచొచ్చేయండి, మీకేమీ పాపం రాదు.

తార్కోవ్‌స్కీ 1983లో తీసిన 'నోస్టాల్జియా' చూడండి. చివర్లో ఒకాయన నీళ్ళు లేని కోనేటిలో వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడవాలి. ఆరకూడదు. ఆరిపోతుంది. వెనక్కొచ్చి మళ్ళీ వెలిగిస్తాడు. మళ్ళీ ఆరుతుంది. మళ్ళీ మొదటికొస్తాడు. సుమారు తొమ్మిది నిమిషాలు ఒకే దృశ్యం. రష్యా ఆయన ఇటలీలో తీసిన ఈ ముక్క అర్థం కావడానికి మనకు పుస్తకాలెందుకు? కార్తీక సోమవారం చలిగాలిలో దీపానికి చీరకొంగు అడ్డం పెట్టుకుని గుడి చుట్టూ తిరిగే అమ్మను చూడని తెలుగువాడున్నాడా? ఆ దీపం ఆరుతుందేమోనని మనమూ ఊపిరి బిగబట్టలేదూ? ఆ నడకకు ఎవరైనా వేగం పెంచగలరా? పెంచితే ఆరిపోయేది ఆ దీపమే గదా!

అమ్మ మాట వచ్చింది గాబట్టి చెబుతాను. మా అమ్మ 2016లో పోయింది. ఆఖరి నాలుగు నెలలూ పుంగనూరులో మా ఇంటి వసారాలో మంచం మీదే. మాట పడిపోయింది. చూసిపోవటానికి చుట్టాలు వచ్చేవాళ్ళు. అందరూ మంచివాళ్ళే, ప్రేమ ఉన్నవాళ్ళే. ఐదు నిమిషాలు కూచునేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఫోను తీసేవాళ్ళు. "డాక్టరేమన్నాడు?" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. పాపం, అక్కడ ఏమీ జరగటం లేదు గదా!

నేను కూచునేవాణ్ణి. గొప్ప కోసం చెప్పటం లేదు. మా తమ్ముడు ఇలాంటి సినిమా జన్మకొక్కటి చూడలేదు, నాకంటే ఎక్కువసేపు కూచున్నాడు. వాడు సేద్యగాడు. కరెంటు ఎప్పుడొస్తుందా అని రాత్రంతా మోటారు దగ్గర కూచోవటం వాడికి అలవాటు. నేను బడిపంతుల్ని, గంట కొడితే లేచిపోయే జాతి. నాకా విద్య పుట్టుకతో రాలేదు. సినిమాలే నేర్పాయి. ఓ మధ్యాహ్నం కిటికీ ఊచల నీడ గోడమీంచి మెల్లగా దిగి, మంచం కోడు దాటి, దుప్పటి మీదికొచ్చింది. అమ్మ వేళ్ళు ఆ ఎండవైపు జరిగాయి. ఓ అంగుళం. ఎండలోకి వచ్చాక ఆగాయి. ముప్పావు గంట పట్టి ఉంటుంది మొత్తం. ఆమె చివరి నెలలో నేను చూసిన పెద్ద సంఘటన అదే.

అయ్యా, దీన్ని ఒకటిన్నర రెట్లు వేగంతో చూడమంటారా?

నా వాదమల్లా ఇదే. సినిమా కాలక్షేపం అంటారు గదా. కాలాన్ని క్షేపించటం, అంటే విసిరేయటం. విసిరేయటానికి నూరు సాధనాలున్నాయి. కాలంతో పాటు కూచోవటం నేర్పేవి నాలుగైదు మిగిలాయి, వాటిల్లో ఈ సినిమాలొకటి. వాటిని కూడా పరుగెత్తిస్తే, రేపు మన మంచం పక్కన కూచోవటానికి ఎవరికి చేతనవుతుంది? ఇది నా స్వార్థం కూడా. నాకూ వయసొస్తోంది.

ఆ సంక్రాంతి సెలవుల్లోనే, మర్నాడు రాత్రి, ఇంకో సినిమా పెట్టాను. థాయిలాండు దర్శకుడు అపిచత్‌పాంగ్ తీసిన 'అంకుల్ బూన్మీ'. 2010లో కాన్స్‌లో అత్యున్నత బహుమతి దీనికే. మూత్రపిండాల జబ్బుతో పోబోతున్న ఓ రైతు, ఆయనకు చింతతోపు, తేనెటీగలు. రాత్రి అందరూ అన్నం తింటుంటే, ఎప్పుడో చనిపోయిన భార్య మెల్లగా కుర్చీలో కనబడుతుంది. తర్వాత, తప్పిపోయిన కొడుకు ఒళ్ళంతా వెంట్రుకలతో, ఎర్రగా మెరిసే కళ్ళతో మెట్లెక్కి వస్తాడు. ఎవరూ కేకలు పెట్టరు. కూచోమంటారు, కబుర్లు చెప్పుకుంటారు.

మా అల్లుడు అప్పుడే రైలు దిగి వచ్చి అన్నం కంచంతో నా పక్కన కూచున్నాడు. రిమోటు జోలికి పోలేదు. మామ మీద జాలి కాబోలు అనుకున్నాను. భార్య ప్రత్యక్షమైన చోట ముద్ద చేతిలోనే ఆగిపోయింది. కాసేపటికి మెల్లగా అన్నాడు: "మామా, మహాలయాలకు మనం పెద్దోళ్ళకు పెట్టి, కాకి కోసరం చూస్తాం గదా. ఈళ్ళకి నేరుగా వచ్చి కూసున్నారు."

నేనేమీ అనలేదు. మా అవ్వ దగ్గర నేర్చుకున్న బుద్ధి అది.

ఇంకో పావుగంటకు చూస్తే గోడకానుకుని నిద్రపోతున్నాడు. పాపం, పొద్దున ఎప్పుడనగా లేచిన మనిషి. నేను లేపలేదు, సినిమా ఆపలేదు. తెరమీద అడవిలో కీచురాళ్ళ మోత, బయట కుప్పం స్టేషన్లో రైలు కూత. రెండూ ఆయన కలలోకి పోయే ఉంటాయి.

కాబట్టి, పాఠక మహాశయులారా, ఈ ఆదివారం ఓ నెమ్మది సినిమా చూడండి. ఆ బొత్తాం ముట్టుకోకండి. నిద్రొస్తే రానివ్వండి. మెలకువ వచ్చేసరికి ఆ ఆవులు ఇంకా ఎక్కువ దూరం పోయి ఉండవు.